కాగితం ఎటు ఎగిరింది

రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే ఆవిరక్క చేసే మొదటి పని, గోడ మీది క్యాలెండరులోంచి నిన్నటి కాగితం చింపడం. చింపి పారెయ్యదు. రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో, టెస్టరు పక్కన దోపుకుంటుంది. రోజుకొక కాగితం ఉండే క్యాలెండరు అది. పలచటి కాగితం, దాని మీద అరచేయంత నల్ల అంకె. "రోజు అయిపోతే కాగితం అయిపోతుందా ఏం?" అంటుంది, ఎవరైనా అడిగితే.

ఆవిరక్క ఆమె అసలు పేరు కాదు, డ్రైవర్లు పెట్టింది. నాలుగు రోడ్లు కలిసే పెద్ద సిగ్నలు దాటగానే, ఎడమచేతి పక్క పల్లంలో ఉంటుంది ఆమె షెడ్డు. రెండు కార్లు పడతాయి. మూడోది వస్తే దాని ముక్కు రోడ్డు మీదే. సిగ్నలు దగ్గర ఇరుక్కుని, బానెట్టు సందుల్లోంచి పొగలు కక్కుతూ ఆగిపోయిన బండిని ఇద్దరు మనుషులు కాస్త తోస్తే చాలు, దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆమె గుమ్మం ముందు నిలబడుతుంది. ఆమె ఎదురొచ్చి, "మూత ముట్టుకోకు! కాలేది నీ మొహమే, నాది కాదు!" అని కేకేస్తుంది ముందు. పలకరింపు ఆ తర్వాతే.

"భలే చోటు దొరికిందమ్మా నీకు! అదృష్టం" అంటారు చాలామంది.

ఆమె నవ్వి ఊరుకుంటుంది. దొరకలేదు, ఏరుకుంది. సిగ్నలుకి అవతల, మెరక మీద, ఆరు కార్లు పట్టే పెద్ద షెడ్డు ఒకటుంది. దాని యజమాని ఆమె మేనమామ. ఆ షెడ్డులోంచి బయటపడిన ఏ బండికైనా మొదట అడ్డం వచ్చేది ఈ సిగ్నలే. అక్కడ సరిగా బాగుపడని ఇంజను మొదట ఉడికేది ఇక్కడే. ఈ లెక్క తెలుసుకోడానికి ఆమె రెండు రోజులు ఫుట్‌పాత్ మీద నిలబడి చూసింది. ఆ చోటు వద్దని అందరూ చెప్పారు. పల్లం, వాన పడితే నీళ్ళొస్తాయి అన్నారు. "రానివ్వండి. మావయ్య బండ్లు కూడా వస్తాయి" అంది.

"అలిగిన కోడలు ఎదురింట్లోనే వేరుకాపురం పెట్టినట్టుంది నీ వ్యవహారం" అంది వాళ్ళమ్మ.

అలక అయితే ఏడాదికో రెండేళ్ళకో చల్లారేది. ఇది అలక కాదు.

ఆమెకి పదిహేనేళ్ళప్పుడు తండ్రి పోయాడు. లారీలకి ఇంజన్లు విప్పే మనిషి. ఆయన తర్వాత ఇంట్లో మిగిలింది ఒక పనిముట్ల సంచీ, అమ్మ కుట్టుమిషను. అమ్మ కార్ల సీట్లకి కవర్లు కుట్టేది. కుట్టినవి తమ్ముడి షెడ్డుకి పంపేది, కూతురి చేత. కవర్లు ఇచ్చి వెంటనే రమ్మంటే ఆ పిల్ల మధ్యాహ్నం దాకా వచ్చేది కాదు. విప్పిన ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, ఏది ఎక్కడిదో చూస్తూ ఉండిపోయేది. ఒకరోజు మావయ్య విసుక్కుని, "చూసింది చాలు, ఆ పన్నెండో నంబరు స్పానరు ఇటివ్వు" అన్నాడు. ఆమె స్పానరుతో పాటు, ఆయన ఇంకా అడగని బోల్టు కూడా అందించింది. మావయ్య ఆమె వైపు ఎగాదిగా చూశాడు. మర్నాటి నుంచి ఆమె కవర్లు ఇచ్చి వెనక్కి రావడం మానేసింది.

పదకొండేళ్ళు అక్కడే పని. మావయ్య కొడుకు, ఆమె కంటే ఏడాది పెద్దవాడు, ఆమెకి బావ. ఇద్దరూ బండ్ల కింది ఒకే గుంటలో దిగి పని నేర్చుకున్నారు. బావకి చెయ్యి వేగం, చూపు తక్కువ. బిగించేశాక ఇంకో బోల్టు మిగిలిపోతే, "కంపెనీవాడు ఒకటి ఎక్కువిచ్చాడు" అనే రకం. మావయ్య నోట్లోంచి రోజుకి పదిసార్లు వచ్చే మాటలు కొన్ని ఉండేవి. అందులో కరెంటు పనికి సంబంధించింది ఒకటే. "నలుపుకి నలుపు కలుపు, కళ్ళు మూసుకుని పో." కొత్త మోటారు వచ్చి, దాని ప్లగ్గు పాత దానిలో దూరకపోతే, ప్లగ్గు కోసేసి వైర్లు మెలిపెట్టడమే ఆ షెడ్డు పద్ధతి. రంగు చూసి కలపడం, టేపు చుట్టడం. అంతే.

ఆమెకి ఇరవై ఆరో ఏట ఒక డాక్టరమ్మ కారు వచ్చింది. ట్రాఫిక్‌లో వేడెక్కుతోందన్నారు. ఫ్యాన్ తిరగడం లేదు, మోటారు కాలిపోయింది. బావ కొత్త మోటారు, పచ్చ చీటీ అంటించి ఉన్నది, తెచ్చి బిగించాడు. ఆమె కూలెంటు, అంటే ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు, మార్చింది. కూలెంటు పోశాక పైపుల్లో ఎయిర్ మిగలకూడదు. మిగిలితే నీళ్ళు ఇంజన్లో తిరగవు. ఆమె ఇంజను నడుపుతూ అరగంట కూర్చుని, బుడగ అన్నది రాకుండా తీసి, అప్పుడు మూత పెట్టింది. ఈ సంగతి ఆమెకి తెలుసు, దేవుడికి తెలుసు. మూడోవాడు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే కారుని లాక్కొచ్చారు. డాక్టరమ్మ ఆపరేషనుకి పోతూ సిగ్నలు దగ్గర ఇరుక్కుందట. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా నడిపిందట. ఇంజను హెడ్డు పగిలింది. ఆవిడ షెడ్డు మధ్యలో నిలబడి నిప్పులు కక్కింది. "ఆస్పత్రిలో మనిషి బల్ల మీద పడుకుని ఉన్నాడు, నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను! ఎవరు చేశారీ పని?"

మావయ్య బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చుట్టూ డ్రైవర్లు, పనివాళ్ళు, పక్క కొట్లవాళ్ళు. ఓ పన్నెండు మంది ఉంటారు. ఆయన తల బయటికి తీసి, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఆమె వైపు వేలు చూపించాడు.

"ఇదీ. ఎయిర్ తియ్యకుండా మూత పెట్టింది. పని రానిదాని చేతికి పని ఇచ్చాను చూడండి, అదీ నా బుద్ధితక్కువ."

"మావయ్యా, నేను తీశాను! అరగంట కూర్చుని తీశాను, నువ్వు కావాలంటే..."

"స్పానరు దాని జాగాలో పెట్టి ఇంటికెళ్ళు."

తన చేతిలో స్పానరు ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది ఆమెకి. గోడకి ఒక్కో పనిముట్టు ఆకారం గీసి, దాని పైన మేకు కొట్టి ఉండేది. స్పానరు తన గీతలో తగిలించి, ఎవరి మొహమూ చూడకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. తండ్రి పనిముట్ల సంచీ అక్కడే ఉండిపోయింది. అడగడానికి నోరు రాలేదు.

ఇంట్లో అమ్మ అంతా విని, మిషను చక్రం ఆపకుండానే అంది. "మావయ్య ఊరికే అంటాడా? ఎక్కడో పొరపాటు పడి ఉంటావులే."

ఆ ఒక్క మాటకి ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదు. "పని రానిది" అన్న పేరు ఎంత వేగంగా పోయిందంటే, మూడు రోడ్ల అవతలి షెడ్డువాడు కూడా ఆమె అడక్కముందే తల అడ్డంగా ఊపాడు. రెండేళ్ళు ఒక పంక్చరు కొట్టు ముందు చక్రాలు విప్పుకుంటూ బతికింది. ఆ రెండేళ్ళూ ఆమె బుర్రలో డాక్టరమ్మ కారే. విప్పి బిగించి, విప్పి బిగించి. ఎయిర్ తీసింది నిజం. మరి ఎందుకు ఉడికింది? అన్నీ సరిపోయేవి, ఒక్కటి తప్ప. బానెట్టు కింది నుంచి తల పైకెత్తినప్పుడు మావయ్య ఎడమచేతిలో కటింగ్ ప్లేయరు ఉంది. నీళ్ళ పనికి కటింగ్ ప్లేయరు ఎందుకు? పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఆమె కళ్ళని నమ్మడం మానేసింది. "తిరుగుతోంది" అంటే ఎటు తిరుగుతోంది, "నిండింది" అంటే ఎంత నిండింది. ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టుకుంది. ఫ్యాన్‌కి కాగితం. కారు ముందు జాలీకి పలచటి కాగితం ఆనిస్తే, ఫ్యాన్ సరిగా గాలి లాగుతున్నప్పుడు అది జాలీకి అతుక్కుని ఉండాలి. ఆమె సొంత షెడ్డు పెట్టిన ఏడేళ్ళలో కొన్నిసార్లు గట్టిగా అతుక్కుంది, కొన్నిసార్లు నీరసంగా జారింది. ఎగిరింది మాత్రం లేదు.

ఈ ఏడేళ్ళలో మావయ్య షెడ్డు నుంచి దొర్లుకొచ్చిన బండ్లు కొన్ని వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ పీకి పీకి చూసింది. పగిలిన పైపు, వదులు క్లిప్పు, మామూలు తప్పులు. అవి ఎవరైనా చేస్తారు. ఆమెకి కావలసింది అది కాదు. పన్నెండు మంది ముందు అన్న మాటని మావయ్య అదే చోట, అదే నోటితో వెనక్కి తీసుకోవాలి. అందుకు సరిపోయేంత పెద్ద తప్పు కావాలి. ఆమె ఎదురు చూసింది.

అలా తొమ్మిదేళ్ళు గడిచాక, ఒక పొద్దున తొమ్మిదింటికి అది వచ్చింది. తెల్ల టాక్సీ, పాతదే. వెనక నుంచి ఇద్దరు తోస్తుంటే, లోపల గళ్ళచొక్కా వేసుకున్న డ్రైవరు స్టీరింగు పట్టుకుని తిట్లు లంకించుకుని ఉన్నాడు. ఆవిరి చూసి వీధి కుక్క లేచి అవతలికి పోయింది.

"మూత ముట్టుకోకు!"

"ముట్టుకోను చెల్లెమ్మా. మొదటిసారే ముట్టుకున్నాను, చూడు." మోచేతి దగ్గర కాలిన మచ్చ చూపించాడు. "ఈ బండికి పొయ్యి అవసరం లేదు. బానెట్టు మీద బియ్యం పెడితే సిగ్నలు మారేలోగా అన్నం అవుద్ది."

"కూర్చో అన్నయ్యా. చల్లారేదాకా ఏం చెయ్యలేం."

షెడ్డులో ఒక మూల మిషను దగ్గర అమ్మ కూర్చుని ఉంది. సొంత షెడ్డు పెట్టిన ఏడాదికి, తమ్ముడికి కవర్లు కుట్టడం మానేసి కూతురి దగ్గరికి వచ్చేసింది. ఎందుకు మానేసిందో ఆవిడ చెప్పలేదు, ఈమె అడగలేదు. గళ్ళచొక్కా ఆవిడకి తన గోడు మొదలుపెట్టాడు.

"మూడుసార్లు తిప్పాడమ్మా. మొదటిసారి ఫ్యాన్ పోయిందన్నాడు, మోటారు మార్చాడు. మళ్ళీ ఉడికింది. థర్మోస్టాటు అన్నాడు. ఉడికింది. రేడియేటరే మార్చాడు. ఇదిగో, ఇవాళ షెడ్డు గేటు దాటి సిగ్నలు దాకా వచ్చానో లేదో..."

మిషను ఆగింది. "ఏ షెడ్డు?" అంది అమ్మ.

"పైన పెద్ద షెడ్డు. పెద్ద మేస్త్రి, ఆయన కొడుకూ."

ఆవిరక్క చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది. "ఖాళీ రోడ్డు మీద ఎలా ఉంటది?"

"వెన్నలా పోతది. మొన్న రాత్రి వంద కిలోమీటర్లు పోయొచ్చాను, ముల్లు కదల్లేదు. నిలబడితేనే దీనికి రోగం."

"మోటారు మార్చక ముందూ ఇంతే?"

"అచ్చం ఇంతే."

"ఫ్యాన్ తిరుగుతోందా?"

"అదే కదా! తిరుగుతోంది! కొడుకు నాకు మూడుసార్లూ చూపించాడు. చూడు ఎలా తిరుగుతోందో అని."

ముప్పావు గంటకి ఇంజను చల్లారింది. ఆమె మూత తీసి కూలెంటు చూసింది. నూనె తెట్టు లేదు. నింపి, స్టార్టు చేసి, మూత దగ్గర కాసేపు చూసింది. బుడగలు లేవు. హెడ్డు బతికే ఉంది, ఈ మనిషి అదృష్టవంతుడు. రేడియేటరు పై పైపు వేడెక్కింది, కాసేపటికి కింది పైపు కూడా. అంటే నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంక మిగిలింది గాలి. బండి పరుగెత్తేటప్పుడు గాలి దానంతటదే వచ్చి రేడియేటరుకి తగులుతుంది. నిలబడినప్పుడు ఫ్యాన్ తేవాలి. ముల్లు పైకి పాకుతుంటే ఆమె చూస్తూ నిలబడింది. ఫ్యాన్ అందుకుంది. బుర్రుమని తిరిగింది.

"చెప్పలా!" అన్నాడు గళ్ళచొక్కా. "తిరుగుతోంది కదా."

ఆమె జేబులోంచి నిన్నటి కాగితం తీసి, మడతలు విప్పి, జాలీకి ఆనించి చెయ్యి వదిలింది.

కాగితం ఎగిరింది. ఎదురుగా వచ్చి ఆమె మొహానికి కొట్టుకుని, భుజం మీదుగా వెనక్కి పోయి రోడ్డు మీద పడింది.

ఆమె కదలలేదు. ఫ్యాన్ ముందుకి ఊదుతున్న వేడిగాలి మొహానికి తగులుతూనే ఉంది. వంగి లోపలికి చూసింది. మోటారు వైర్లు రెండు, ప్లగ్గు కోసి మెలిపెట్టినవి, వాటిమీద టేపు. టేపు ఊడదీసింది. నలుపుకి నలుపు. కానీ మోటారు మీద పచ్చ చీటీ అంటించి ఉంది, చిన్న బొమ్మతో. ఈ కంపెనీవాడి మోటారులో నలుపే ప్లస్సు. చాలా ఏళ్ళ కింద బజారులోకి వచ్చి, మాయమైపోయి, ఈ మధ్య మళ్ళీ వచ్చిన రకం. రంగు చూసి కలిపితే తలకిందులవుతుంది. ఫ్యాన్ తిరుగుతుంది, వెనక్కి తిరుగుతుంది. ముందు నుంచి గాలి లాగాల్సింది పోయి, ఇంజను వేడిని ముందుకి ఊదుతుంది. రోడ్డు మీద పరుగెడితే ఎదురుగాలి దాన్ని ఓడిస్తుంది. నిలబడితే ఇది గెలుస్తుంది.

డాక్టరమ్మ కారులో బావ బిగించింది ఈ రకం మోటారే. ఇదే పచ్చ చీటీ. అంటే మావయ్య ఎడమచేతిలో కటింగ్ ప్లేయరు...

తొమ్మిదేళ్ళ పీచు ఒక్కసారిగా ఊడొచ్చింది. ఆయన పొరబడలేదు. చూశాడు. అందరూ చుట్టూ నిలబడి ఉండగా, బానెట్టు చాటున వైర్లు కోసి మార్చి కలిపి, తల పైకెత్తి, ఆమె వైపు వేలు చూపించాడు.

"ఏమైంది చెల్లెమ్మా? పెద్ద జబ్బా?"

"రెండు నిమిషాల పని."

"చేసెయ్ మరి!"

"ఇక్కడ చెయ్యను. పెద్ద షెడ్డుకి పోదాం. నువ్వు కూడా రా. హీటరు పూర్తిగా తిప్పి నడుపు, ఇంజను వేడి లోపలికి లాగేస్తది, సిగ్నలు దాటేస్తాం."

"ఈ ఎండలో హీటరా! ఉడికేది నేనన్నమాట ఇప్పుడు." ఆమె మొహం చూసి మాట మార్చాడు. "పద చెల్లెమ్మా. నాకూ ఉంది కడుపుమంట."

అమ్మ లేచింది. "ఏంటే? ఏం దొరికింది?"

"పొరపాటు దొరికిందమ్మా. ఎక్కడో పడ్డానన్నావే, అది."

"పాపం ఆయన బండిని నీ పగకి బాడుగకి తీసుకుంటున్నావా? అదేదో బాగుచేసి పంపెయ్. నలుగురిలో ఎందుకే, వాడు నా తమ్ముడు..."

"నలుగురిలోనే అన్నాడమ్మా. నువ్వు వస్తావా, ఉంటావా?"

అమ్మ కళ్ళజోడు తీసి పమిటకి తుడుచుకుంది. మిషను మీద గుడ్డ కప్పింది. "వస్తాను. అబద్ధమాడితే నా మొహం చూసి ఆడాలి వాడు."

పది దాటిన ఆ వేళ పెద్ద షెడ్డు కిక్కిరిసి ఉంటుంది. గేటు దగ్గర డ్రైవర్ల గుంపు, లోపల కంప్రెసరు మోత. టాక్సీ లోపలికి వచ్చి, డాక్టరమ్మ కారు నిలబడిన చోటే నిలబడింది. అక్కడే ఆపమని ఆమె చెప్పింది. ఆమె దిగడం చూసి ముందు కంప్రెసరువాడు మోత ఆపాడు. గోడ మీద పనిముట్ల గీతలు అలాగే ఉన్నాయి.

బావ గుంటలోంచి తల పైకెత్తాడు. "నువ్వా! ఏంటి, దారి తప్పావా?"

"నేను కాదు, మీరు బిగించిన బండి తప్పింది. మేస్త్రిగారిని పిలువు."

మేస్త్రిగారు అన్న మాట అక్కడున్న పాత పనివాళ్ళకి వినపడింది. పదకొండేళ్ళు "మావయ్యా, నువ్వు" అని పిలిచిన పిల్ల. మావయ్య ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట తగ్గింది. ఆమెను చూశాడు, ఆమె వెనక అక్కను చూశాడు.

"ఏంటక్కా, ఇలా వచ్చారు? లోపలికి రండి, కూర్చుని..."

"కూర్చోడానికి రాలేదురా" అంది అమ్మ.

ఆవిరక్క ఇంజను ఆపనివ్వలేదు. కాసేపటికి ఫ్యాన్ అందుకుంది. జేబులో ఇంక కాగితం లేదు. రోడ్డు మీద పడిందాన్ని గళ్ళచొక్కా ఏరి తెచ్చాడు, బూటు ముద్రతో సహా. ఆమె దాన్ని మావయ్యకి చాచింది.

"జాలీకి పెట్టి చూడండి."

ఆయన చెయ్యి చాచలేదు. కాగితం వైపు చూడను కూడా చూడలేదు. ఆయన చూపు నేరుగా బానెట్టు కిందికి, మోటారు వైర్ల దగ్గరికి పోయింది. ఆమె అదే చూస్తోంది.

"పట్టుకోకుండానే తెలిసిపోయిందే మీకు!"

బావ గుంటలోంచి ఎగబాకి వచ్చాడు. "ఏంటి గొడవ? ఫ్యాన్ కాదు ఇది, ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. వాటర్ పంపు అయ్యుంటది. తిరుగుతోంది కదా నాన్నా?"

మావయ్య మొహం వాడిపోయింది. ఆవిరక్క ఎన్ని ఏళ్ళో ఈ ఘడియని మనసులో ఆడించుకుంది. ఏ ఒక్కసారీ ఆ దెబ్బ బావ నోట్లోంచి వస్తుందనుకోలేదు. వాడికి నిజంగానే తెలియదు. ఆ రోజు కొడుకుని కాపాడిన తండ్రి, కొడుక్కి కూడా చెప్పలేదు. చెప్పకపోబట్టి తొమ్మిదేళ్ళ తర్వాత వాడు మళ్ళీ అదే చేశాడు, ఒకే బండికి మూడుసార్లు "తిరుగుతోంది కదా" అన్నాడు.

"లోపల మాట్లాడుకుందాం అమ్మాయీ" అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి.

"లోపల అనలేదుగా మీరు. ఇక్కడే అన్నారు."

"ఇంతమందిలో..."

"అప్పుడు పన్నెండు మంది. ఇవాళ ఒకరో ఇద్దరో ఎక్కువ ఉన్నారు, అంతే."

గేటు దగ్గర గుంపు లోపలికి జరిగింది. గళ్ళచొక్కా చేతులు కట్టుకుని సినిమాకి వచ్చినవాడిలా నిలబడ్డాడు. మావయ్య అక్క వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు.

"డాక్టరమ్మ కారు..." అని మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "డాక్టరమ్మ కారులో తప్పు దీనిది కాదు. దీని పని సరిగానే ఉంది. ఫ్యాన్ వైర్లు మావాడు తిరగేసి కలిపాడు. నేను ఆ రోజే చూశాను. చూసి, మార్చేసి, దీని మీద పెట్టాను."

అమ్మ ఒక అడుగు ముందుకి వేసింది.

"ఎందుకురా?" అంది అమ్మ.

"వాడికి చేతిలో ఉన్నది ఈ పనొక్కటే అక్కా. పేరు పోతే వాడింక స్పానరు పట్టడు అనుకున్నా. ఇది గట్టిది. ఎక్కడైనా బతుకుతుంది అనుకున్నా."

"బతికానండి" అంది ఆవిరక్క. "అందుకే ఇక్కడిదాకా వచ్చాను."

బావ తండ్రి వైపు అలాగే చూస్తున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. వాడు మళ్ళీ అడిగాడు. "తొమ్మిదేళ్ళు నాన్నా. ఒక్కరోజు చెప్పి ఉండొచ్చు కదా."

జాలి పడాల్సిన చోటు అది. ఆమెకి జాలి రాలేదు. ఒంట్లో ఏదో బరువు దిగినట్టు కూడా లేదు. ఆకలి వేసినట్టుంది. గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకి ఉన్న కటింగ్ ప్లేయరు తీసి బావ చేతిలో పెట్టింది.

"ఇంజను ఆపించి, నువ్వే మార్చు. చాటుగా మార్చేవాళ్ళు ఈసారి లేరు. మోటారు మీద చీటీ ఉంటది, అది చదువు. రంగు కాదు."

బావ వైర్లు కోశాడు. చీటీ వేలు పెట్టి చదివాడు. కలిపి, టేపు చుట్టి, స్టార్టు చేయించాడు. ఫ్యాన్ అందుకునేదాకా ఎవ్వరూ కదల్లేదు. ఆమె బూటు ముద్ర కాగితాన్ని వాడికిచ్చింది. వాడు జాలీకి ఆనించి చెయ్యి వదిలాడు. అతుక్కుపోయింది, అంటించినట్టు.

"అబ్బా!" అన్నాడు గళ్ళచొక్కా. "రేడియేటరు మార్చారు కదయ్యా నాకు, ఒక కాగితం ముక్క పట్టలేక!"

గుంపులో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. మావయ్య ఆ నవ్వుల మధ్య ఆఫీసు గదిలోకి పోయి, ఒక సంచీతో బయటికి వచ్చాడు. గోధుమరంగు కాన్వాసు సంచీ, పట్టీ దగ్గర అమ్మ కుట్టిన కుట్లు. తండ్రి పనిముట్లు. నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఏడాదికోసారి తీసి రాస్తూ ఉన్నట్టుంది.

"తుప్పు పట్టనివ్వలేదు" అన్నాడాయన. "అమ్మాయీ..."

ఆమె సంచీ తీసుకుంది. "వస్తామండీ మేస్త్రిగారూ" అంది.

వెనక్కి నడిచే వస్తామని చెప్పి గళ్ళచొక్కాని పంపించేశారు. సిగ్నలు దగ్గర ఆయన బండి వాళ్ళ పక్కనే పది నిమిషాలు నిలబడింది. ఆవిరి లేదు. అద్దం దించి, "ముల్లు సగంలోనే ఉంది చెల్లెమ్మా!" అని అరిచాడు, లాటరీ తగిలినవాడిలా.

ఇద్దరూ రోడ్డు దాటారు. పల్లం దిగుతుంటే అమ్మ అంది.

"నేనూ అన్నాను కదే ఆ రోజు. పొరపాటు పడి ఉంటావని."

"అన్నావు."

"మరి నాకేం శిక్ష?"

"తెల్ల టాక్సీకి సీటు కవర్లు కుట్టు. చిరిగిపోయి ఉన్నాయి పాపం."

అమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఆమె ఓదార్చలేదు, సంచీ భుజం మార్చుకుని పక్కనే నడిచింది. షెడ్డుకి వచ్చాక తండ్రి స్పానర్లు ఒక్కొక్కటే గోడకి తగిలించుకుంది. గీతలు గియ్యలేదు.

వారం తర్వాత మావయ్య ఒక్కడే వచ్చాడు, పొద్దున్నే. అక్కకి పళ్ళు తెచ్చాడు. ఆవిరక్క ఒక కారు కింద పడుకుని ఉంది. ఆయన కాళ్ళు కనపడుతున్నాయి, చెప్పులు తెలిసినవే. కాళ్ళు అక్కడే చాలాసేపు నిలబడ్డాయి. ఆమె బయటికి రాలేదు. బిగించాల్సిన బోల్టు బిగించేశాక, బిగిసినదాన్నే మళ్ళీ బిగిస్తూ ఉండిపోయింది, కాళ్ళు వెళ్ళిపోయేదాకా.

ఇది జరిగి రెండేళ్ళయింది. పెద్ద షెడ్డు ఇప్పుడు బావ చూసుకుంటున్నాడు. ఫ్యాన్ మోటారు మార్చిన ప్రతి బండికీ బయటికి పంపేముందు కాగితం పట్టి చూస్తాడని డ్రైవర్లు చెబుతారు. సిగ్నలు దగ్గర ఉడికే బండ్లు తగ్గాయి. ఆవిరక్క షెడ్డుకి ఇప్పుడు తోసుకొచ్చే బండ్ల కంటే నడిపించుకుంటూ వచ్చే బండ్లే ఎక్కువ. పేరు మాత్రం ఆవిరక్కే.

ఆదివారాలు అమ్మ తమ్ముడి ఇంటికి వెళ్తుంది. ఆమె తన కారులో వీధి మలుపు దాకా తీసుకెళ్ళి దింపుతుంది, సాయంత్రం అదే మలుపులో ఎక్కించుకుంటుంది. ఆ ఇంటి గుమ్మం ఇంతవరకు తొక్కలేదు.